మిజో డైట్ చెప్పమంటున్నారా? ముందు ఆ ఉత్తరం సంగతి చూద్దాం

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు గారు ఫోన్ చేశారు. "ఏవండీ, మీరు ఆ ఈశాన్యం వైపు వెళ్ళి పదమూడు కిలోలు తగ్గారట కదా! వచ్చే నెల మన క్లబ్‌హౌస్‌లో హెల్త్ టాక్ పెడుతున్నాం. ఆ మిజో డైట్ ఏదో ఓ పది స్లైడ్లు చేసి చెప్పెయ్యండి. చివర్లో డైట్ చార్ట్ పీడీఎఫ్ చేసి గ్రూపులో పడేస్తే జనం ఫాలో అయిపోతారు" అన్నారు.

"చూస్తానండీ" అని పెట్టేశాను. మా ఆఫీసులో కూడా ఇదే గోల. క్యాంటీన్‌లో ఎవడు ఎదురుపడినా "అన్నా, ఆ డైట్ షేర్ చెయ్యవా" అంటాడు. మా బావమరిది ఇంకో అడుగు ముందుకేసి, దీన్ని ప్యాకేజీ చేసి నెలకి 4,999 చొప్పున అమ్ముదామన్నాడు. వెబ్‌సైటు నేను చెయ్యాలట, మార్కెటింగ్ తను చూసుకుంటాడట.

అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. కాస్త పెద్ద టపానే, ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. మధ్యలో కొందరికి కోపం కూడా రావచ్చు. రానివ్వండి.

ముందు అసలు విషయం. మిజో డైట్ అనేది ఏదీ లేదు. మిజోలు తినే తిండి ఉంది. ఆ తిండి తింటూ వాళ్ళు బతికే ఊళ్ళు ఉన్నాయి. వాళ్ళెవరూ బరువు తగ్గడానికి తినరు, ఆకలేసి తింటారు.

నేనక్కడికి ఎలా వెళ్ళానంటే

మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. 2022 జూన్‌లో ఆవిడకి ఐజ్వాల్ బదిలీ అయ్యింది. నాకు అప్పటికి ఇంటి నుంచి పని నడుస్తోంది, మేనేజరు కూడా "నెట్ ఉంటే చంద్రమండలం వెళ్ళినా పర్లేదు" అనేశాడు. అమ్మని తమ్ముడి దగ్గర ఉంచి, ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకుని, లెంగ్‌పుయి ఎయిర్‌పోర్టులో దిగాం. (ఇప్పుడంటే 2025 సెప్టెంబరులో సైరంగ్ దాకా రైలు వచ్చింది గానీ, అప్పుడు అదీ లేదు.)

దిగేనాటికి నా బరువు 91 కిలోలు, ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు. కాలేయంలో కొవ్వు, గ్రేడ్ టూ. ఇదేదో నా ఒక్కడి ఘనత అనుకోకండి. హైదరాబాద్ యూనివర్సిటీ వాళ్ళూ ఏఐజీ హాస్పిటల్స్ వాళ్ళూ కలిసి మన ఊరి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉంది. అంటే మీ టీమ్‌లో పదిమంది ఉంటే ఎనిమిదిమందికి ఉన్నట్టు. స్టాండప్ మీటింగులో ఒకసారి తలలు లెక్కపెట్టుకోండి.

2023 జూన్ నాటికి, అంటే పదకొండు నెలల్లో, 78కి వచ్చాను. తర్వాత ఏడాదీ అక్కడే ఉంది, ఎటూ కదల్లేదు. చూసినవాళ్ళు "అబ్బో" అంటారు గానీ, మన దేశపు లెక్కల్లో బీఎంఐ 25 దాటితే ఊబకాయమే. 78 కిలోలకి నాది 26. ఆ "అబ్బో" కూడా ఊబకాయంలోనే అన్నమాట.

అక్కడ ఏం తిన్నాను

మా ఇంటి ఓనరు ఒక పెద్దావిడ, అరవై దాటాయి. అక్కడ పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలవరు. ఆడవాళ్ళైతే "కా పి", మగవాళ్ళైతే "కా పు". మన "అమ్మగారూ", "అయ్యగారూ" లాంటివే. ఆవిడకి హిందీ రాదు, నాకు మిజో రాదు. మధ్యలో వాళ్ళమ్మాయి ఇంగ్లీషులో చెప్పేది. మొదటి నెల్రోజులు మా వంట కుదరక ఆవిడ దగ్గరే తిన్నాం, తర్వాత అదే అలవాటయ్యింది.

పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా టుక్‌థువాన్. ఇది టిఫిన్ కాదండోయ్, పూర్తి భోజనం. కంచం నిండా అన్నం. పక్కన బాయి. బాయి అంటే ఆకుకూరలు, కూరగాయలు కలిపి నీళ్ళలో ఉడికించే పులుసులాంటి కూర. తాలింపు లేదు, నూనె లేదు. పూర్వం బూడిద వడకట్టిన నీళ్ళు కలిపేవారట, ఇప్పుడు కాస్త సోడా వేస్తారు. రుచికి సా-ఉమ్ అని పులియబెట్టిన పంది కొవ్వు కొంచెం, లేదా బేకాంగ్. బేకాంగ్ అంటే ఉడికించిన సోయా గింజల్ని ఆకుల్లో చుట్టి, పొయ్యి దగ్గర వెచ్చగా మూడు నాలుగు రోజులు ఉంచితే పులిసి జిగురు పట్టేది. దీని సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇంతకీ బాయిలో పడేవేమిటి? ఆవాకు, గుమ్మడి ఆకులు, అలసంద ఆకులు, వంకాయ, వెదురు కొమ్ములు. ఇస్‌కుట్ అని ఒకటి ప్రతి ఇంటి పందిరికీ వేలాడుతుంటుంది. ఏమిటా అని చూస్తే మన బెంగుళూరు వంకాయ! కాయే కాదు, దాని లేత తీగెలు కూడా తినేస్తారు. ఇంకో రోజు బజార్లో "అంథూర్" అని ఒక ఆకు కట్ట చూసి నోట్లో వేసుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పులుపుకి కాదు. గోంగూర! ఎన్నో కొండలు దాటి వెళ్తే అక్కడ గోంగూర. మనమేమో దాన్ని నూనెలో ఈదిస్తాం, వాళ్ళు నీళ్ళలో ఉడికిస్తారు. తేడా అంతే.

కారం సంగతి చెప్పకపోతే అన్యాయం. హ్మార్చా రాత్ అంటే మిరపకాయలు కాల్చి, ఉల్లిపాయా ఉప్పూ వేసి నూరిన పచ్చడి. అచ్చంగా మన రోటి పచ్చడే, నూనె పోపు ఒక్కటి తక్కువ. మిజో మిరపకాయకి 2015లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుంటూరు వాళ్ళు నన్ను క్షమించాలి, మొదటి రోజు నేను రెండు గ్లాసుల నీళ్ళు తాగాను.

మాంసం ఉంటుంది, ఎక్కువగా పంది. ఉడికించినదో, పొగబెట్టినదో. తిన్నాను. మా ఇంట్లో చేపా, కోడీ, మేకా వరకే. మన ఊళ్ళల్లో పంది తినేవాళ్ళ గురించి మనం ఏం మాట్లాడుకుంటామో, ఆ మాటల వెనక ఏ కులాల లెక్కలుంటాయో నాకూ తెలుసు, మీకూ తెలుసు. అవన్నీ మోసుకునే వెళ్ళాను. ఆకలి వేసి, ఎదురుగా ఒక పెద్దావిడ కంచం పెట్టి కూర్చున్నప్పుడు అవేవీ గుర్తురాలేదు.

మధ్యాహ్నం పాలు లేని టీ, ఏదో చిన్న తిండి. సాయంత్రం ఆరుకల్లా జన్‌రియా, అంటే రాత్రి భోజనం. మళ్ళీ అన్నం, మళ్ళీ బాయి. శీతాకాలంలో నాలుగున్నర దాటితే సూర్యుడు దిగిపోతాడు, ఆరంటే అక్కడ చీకటి పడిపోయినట్టే. ఏడు తర్వాత వంటింట్లో ఏమీ ఉండదు. ఆదివారమైతే ఊరు ఊరంతా చర్చిలోనే, దుకాణాలు మూత. బిర్యానీ తెప్పించుకుందామన్నా తెచ్చేవాడు లేడు.

లెక్కలు చూద్దాం

మనం ఇంజనీర్లం. ఎవరైనా "పర్‌ఫార్మెన్స్ పెరిగింది" అంటే ప్రొఫైలింగ్ చూపించమంటాం. మరి బరువు విషయంలో ఎవడేం చెప్పినా ఎందుకు నమ్ముతాం?

కిలో కొవ్వంటే ఉజ్జాయింపుగా 7,700 కేలరీలు. పదమూడు కిలోలంటే దాదాపు లక్ష. 330 రోజులకి పంచితే రోజుకి 300. అంతే! రోజుకి 300 కేలరీలు తగ్గితే పదకొండు నెలల్లో 13 కిలోలు. ఇందులో రహస్య మూలికలేవీ లేవు.

ఆ 300 ఎక్కడినుంచి వచ్చాయి?

1. నూనె. హైదరాబాదులో మా ముగ్గురికీ నెలకి ఐదు లీటర్ల నూనె అయ్యేది. ఒక్కొక్కరికి రోజుకి 50 గ్రాములు. బయట తిన్న పునుగులూ బజ్జీలూ ఇందులో లేవు. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2,000 కేలరీల భోజనానికి 27 గ్రాముల నూనె చాలంది. మేం దానికి దాదాపు రెట్టింపు. ఐజ్వాల్‌లో నా వాటా పది పదిహేను గ్రాములు మించలేదు. గ్రాముకి 9 కేలరీలు. ఇక్కడే 300 పైన పోయాయి.

2. మెట్లు. దీని గురించి కింద చెప్తా. లెక్క మాత్రం చూడండి: 85 కిలోల మనిషి రోజుకి 120 మీటర్ల ఎత్తు ఎక్కితే చేసే పని లక్ష జౌళ్ళు. ఒంటి సామర్థ్యం పావు వంతు అనుకుంటే ఖర్చయ్యేది సుమారు 100 కేలరీలు. అంటే సగం సమోసా కూడా కాదు. చూశారా, మెట్లని కూడా నేను పొగడటం లేదు. నడకంతా కలిపితే ఇంకో వందో నూట యాభయ్యో.

3. రాత్రి ఏడు తర్వాత తినకపోవడం. ఇందులో మాయేం లేదు. తొమ్మిదికి అన్నం, పదకొండుకి మిక్చరు, పన్నెండుకి అమెరికా కాల్‌లో బిస్కట్లు లేకపోవడమే.

వీటికి ఎదురుగా అన్నం ఎక్కువ తిన్నాను, పంది కొవ్వు తిన్నాను. అటూ ఇటూ పోగా మిగిలింది 300.

అన్నం దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మన దగ్గర ఒక్కో కాలానికి ఒక్కో విలన్ ఉంటాడు. 2000ల్లో మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనే మానెయ్యమన్నారు, ఇంటింటా తేనె నిమ్మరసం. 2017-18 వచ్చేసరికి వీరమాచినేని రామకృష్ణ గారు రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు తీసుకోమన్నారు, అన్నం బంద్, మా ఆఫీసులో కొబ్బరినూనె సీసాలు పెట్టుకుని కూర్చున్నారు. ఒకాయన నూనె వద్దంటాడు, ఒకాయన నూనె తాగమంటాడు. రెండూ చేసినవాళ్ళు నాకు తెలుసు, రెండింట్లోనూ తగ్గారు, రెండింట్లోనూ మళ్ళీ పెరిగారు. నేనూ ఒకణ్ణే. మిజోలు రెండుపూటలా కొండంత అన్నం తింటారు. నేను యాప్‌లో అన్నం తూచుకుంటుంటే మా ఓనరావిడ వాళ్ళమ్మాయి చేత అడిగించింది: "అన్నానికి జ్వరం వచ్చిందా? ఎందుకలా చూస్తున్నాడు?" అని. ఆ సాయంత్రమే యాప్ తీసేశాను.

ఊరే జిమ్ము

ఐజ్వాల్ పదకొండొందల మీటర్ల ఎత్తున, కొండ శిఖరాల మీద పేర్చిన ఊరు. రోడ్డు మీద నుంచి చూస్తే ఇల్లు ఒక అంతస్తే కనిపిస్తుంది, మిగతావన్నీ లోయవైపు కిందకి ఉంటాయి. మా వాటా రోడ్డుకి మూడంతస్తుల కింద. అంటే గుమ్మం దాటి పాలప్యాకెట్టుకి వెళ్ళాలన్నా మూడంతస్తులు ఎక్కాలి. మర్చిపోయి వస్తే ఇంకో మూడు. మొదటి వారంలో నాలుగుసార్లు మర్చిపోయాను, తర్వాత జ్ఞాపకశక్తి దానంతటదే మెరుగుపడింది.

రోడ్లు కొండ చుట్టూ మెలికలు తిరుగుతాయి. కింద వీధికి బండిమీద వెళ్తే ట్రాఫిక్‌లో పావుగంట, మెట్లదారిన దిగితే ఐదు నిమిషాలు. అందుకని జనం మెట్లు దిగుతారు. ఇదే ముఖ్యం, దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి: అక్కడ నడిచేవాడు ఆరోగ్యం కోసం నడవడు, అదే దగ్గరదారి కాబట్టి నడుస్తాడు. మా పెద్దావిడ మెట్లు ఎక్కుతూ ఒక్కసారి కూడా రొప్పలేదు. నేను మొదటి నెల్లో ప్రతి మలుపు దగ్గరా ఫోన్ చూస్తున్నట్టు నటించి ఆగేవాణ్ణి. ఆవిడ కనిపెట్టి, తనూ ఆగి కొండలు చూసేది.

ఇంకోటి. అక్కడ హారన్ కొట్టరు. బండ్లు ఒకదాని వెనక ఒకటి వరసగా ఆగుతాయి, ఎవడూ దూరడు. నడిచేవాడికి ప్రాణభయం లేదు. మన గచ్చిబౌలిలో ఆఫీసు నుంచి ఎదురుగా ఉన్న హోటల్‌కి నడిచి వెళ్ళిన వీరుడెవరైనా ఉంటే చేతులెత్తండి. నాలుగొందల మీటర్లకి క్యాబ్ బుక్ చేసేది బద్ధకం వల్ల కాదు, ఫుట్‌పాత్ మీద ఉన్న ట్రాన్స్‌ఫార్మరూ, గుంతా, ఎదురొచ్చే బైకూ దాటుకుని వెళ్ళలేక.

రోల్‌బ్యాక్

ఇప్పుడు క్లబ్‌హౌస్‌లో చెప్పలేని స్లైడు.

2024 జూన్‌లో హైదరాబాద్ వచ్చేశాం. అదే నేను, అదే సంకల్పం, అదే జ్ఞానం. పైగా ఇప్పుడు అనుభవం కూడా. బాయి వండుకున్నాం, అన్నం ఆరున్నరకే తినాలని తీర్మానించుకున్నాం. 2025 మార్చికి నా బరువు 84.

ఏమైంది? రిటర్న్ టు ఆఫీస్ వచ్చింది. రానూ పోనూ మూడు గంటలు కారులో. సాయంత్రం ఏడున్నరకి "క్విక్ సింక్". తొమ్మిదింటికి ఇల్లు. ఆఫీసులో లిఫ్టు ఎదురుగా ఉంటుంది, మెట్లు ఫైర్ డోర్ వెనక తాళంలో ఉంటాయి. అడిగితే సెక్యూరిటీ అన్నాడు, "మెట్లు ఎమర్జెన్సీకి సార్" అని. బాబూ, నాకు ఉన్నది ఎమర్జెన్సీనే అన్నాను. నవ్వాడు, తాళం తియ్యలేదు.

కోడ్ ఒక్క లైను మారలేదు. ఎన్విరాన్‌మెంట్ మారింది, ప్రొడక్షన్‌లో పడిపోయింది. "నా మెషీన్‌లో బాగానే పనిచేసింది" అని వచ్చే జూనియర్‌ని మనం ఎంత ఏడిపిస్తాం! డైట్ గురువులందరూ, నా బావమరిదితో సహా, చేసేది అదే. వాళ్ళ మెషీన్‌లో నడిచింది మనకి అమ్ముతారు. నడవకపోతే తప్పు మనదే, మనకి విల్‌పవర్ లేదు.

ఈ విల్‌పవర్ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. వంద పరీక్షలు రాసి, రాత్రుళ్ళు మేలుకుని, వీసా స్టాంపింగులకి నిలబడి, ఈఎంఐలు కట్టి ఇక్కడిదాకా వచ్చిన మనుషులకి పట్టుదల లేదా? పదిలో ఎనిమిదిమంది టెస్ట్ ఫెయిలైతే అది యూజర్ల తప్పని ఏ మేనేజరూ అనడు, సిస్టమ్ చూడమంటాడు. అదే మేనేజరు వెల్‌నెస్ వీక్‌లో మాత్రం స్టెప్ కౌంట్ పోటీ పెట్టి, గెలిచినవాడికి పిజ్జా కూపన్ ఇస్తాడు. మా ఆఫీసులో నిజంగానే ఇచ్చారు.

స్వర్గమేం కాదు

ఇక్కడితో ఆపేస్తే నేను కూడా మిజోరంని బ్రోచర్ చేసినవాణ్ణవుతాను. అందుకని ఇది కూడా చెప్పాలి. 2020లో విడుదలైన జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ నివేదికలో, మగవాళ్ళలో క్యాన్సర్ రేటు దేశం మొత్తమ్మీద ఐజ్వాల్ జిల్లాలోనే ఎక్కువ, లక్షకి 269. పొగాకు వాడకం విపరీతం. తుయ్‌బుర్ అని పొగాకు పొగ పట్టించిన నీళ్ళు పుక్కిట పట్టే అలవాటు కూడా ఉంది. మిజోరంలో జీర్ణాశయ క్యాన్సర్ మీద జరిగిన పరిశోధనల్లో పొగాకుతో పాటు పొగబెట్టిన మాంసం, ఉప్పు చేపలు, సా-ఉమ్ కూడా అనుమానితుల జాబితాలో ఉన్నాయి. నేను పైన లొట్టలేసుకుంటూ రాసినవే. "సంప్రదాయ ఆహారం కాబట్టి మంచిదే" అని కళ్ళు మూసుకునేవాళ్ళు ఇది రెండోసారి చదవండి. సన్నగా ఉండటం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు.

బరువు విషయంలో కూడా కాలం ఆగిపోలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మిజోరం మగవాళ్ళలో అధిక బరువున్నవాళ్ళు 2015-16లో సుమారు 20 శాతం ఉంటే 2019-21 నాటికి 30 దాటారు. ఐజ్వాల్‌లో కుర్రాళ్ళకి బైకులొచ్చాయి, వీధి వీధికీ చికెన్ ఫ్రై దుకాణాలొచ్చాయి. అదే మనుషులు, అదే సంస్కృతి. రక్తంలో ఏదో ఉంటుందనుకుంటే అది పదేళ్ళలో మారదు కదా?

ఇక ఆ ఉత్తరం

ఇదంతా రాయడానికి ఇదే కారణం, చివరిదాకా వాయిదా వేస్తూ వచ్చాను.

2016లో మా టీమ్‌లో ఒక మిజో అమ్మాయి ఉండేది. మంచి టెస్టరు, నా కోడ్‌లో ఆ అమ్మాయి పట్టుకున్నన్ని తప్పులు ఇంకెవరూ పట్టుకోలేదు. ఇంకో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి మా అపార్ట్‌మెంట్‌లోనే మూడో అంతస్తులో అద్దెకి వచ్చింది. నేనే చెప్పాను ఖాళీగా ఉందని. నాలుగో నెల్లో అసోసియేషన్‌కి ఫిర్యాదులు మొదలయ్యాయి. "ఏదో కుళ్ళు వాసన." "కుక్కని వండుతున్నారేమో." "ఆడపిల్లలు ఏ టైముకో వస్తున్నారు." క్లబ్‌హౌస్‌లో మీటింగ్ పెట్టారు. అప్పుడు కోశాధికారి నేను. ఇంగ్లీషు బాగా రాస్తానని ఉత్తరం నన్నే రాయమన్నారు. రాశాను. చాలా మర్యాదగా రాశాను. "ఇతర నివాసులకు అసౌకర్యం కలిగించే వంటకాలు" అని. నెలలోపు ఖాళీ చేశారు. తర్వాత ఆఫీసులో ఆ అమ్మాయి నాతో మామూలుగానే మాట్లాడింది. ఆ ఉత్తరం ఎవరు రాశారో తనకి తెలుసని నాకు తెలుసు. నా సెమీకోలన్లు కూడా గుర్తుపట్టే మనిషి.

ఆ వాసన బేకాంగ్‌ది.

2022లో బదిలీ ఆర్డరు వచ్చాక ఐజ్వాల్‌లో నాకు తెలిసిన మనిషి ప్రపంచంలో ఆ అమ్మాయి ఒక్కతే. అప్పటికి బెంగుళూరులో ఉంది. రెండ్రోజులు ఆలోచించి ఫోన్ చేశాను. ఇల్లు కావాలన్నాను. "అద్దె ఎంత పెట్టగలరు?" అంది. అంతే. వారంలో ఇల్లు దొరికింది. మా ఓనరు పెద్దావిడ ఆ అమ్మాయికి స్వయానా పిన్ని. పొద్దున్నే ఆవిడ పొయ్యి మీద బేకాంగ్ వేసినప్పుడు ఇల్లంతా ఆ వాసన వచ్చేది. "మీకు ఇబ్బందా, కిటికీ తియ్యనా?" అని వాళ్ళమ్మాయి అడిగింది ఓరోజు. వాళ్ళింట్లో, వాళ్ళ వంట గురించి, నన్ను! ఏం చెప్పాలో తెలియక ఇంకో గరిటె వేయించుకున్నాను.

ఇది నా ఒక్కడి కథైతే రాసేవాణ్ణి కాదు. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య రాష్ట్రాల విద్యార్థుల కోసం వేసిన సలహాల పుస్తకంలోనే ఉంది: వెదురు కొమ్ములు, అఖునీ లాంటి వాసన వంటలు చుట్టుపక్కల గొడవ రాకుండా చూసుకుని వండుకోవాలని. అఖునీ అంటే నాగాల సోయా, బేకాంగ్‌కి చుట్టం. దాని పేరుతోనే 2019లో ఒక సినిమా కూడా వచ్చింది.

మరి మన సంగతి? 2017లో ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలో ఒక ఇళ్ళ యజమాని, కూర వాసన వదలదని మనలాంటివాళ్ళకి ఇళ్ళు ఇవ్వనన్నాడు. అది చట్టవిరుద్ధమని కోర్టు తేల్చింది. అప్పుడు మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎంత ఆవేశం! "రేసిస్టులు", "తెల్లోళ్ళ పొగరు". డాలస్‌లో లీజింగ్ ఆఫీసువాడు కర్రీ స్మెల్ అన్నాడని మా కజిన్ ఏడ్చినప్పుడు మేమందరం ఓదార్చాం. ఆ గ్రూపూ, ఈ ఉత్తరం మీద సంతకాలు పెట్టిన గ్రూపూ ఒకటే. ఇంగువ, ఎండుచేపలు, ఆవకాయ వాసన మన సంస్కృతి. పక్కవాడిది కుళ్ళు.

ఇంకా చిత్రం వినండి. కొరియా సీరియళ్ళు చూసి ఇప్పుడు మా బ్లాక్‌లో నాలుగిళ్ళలో కిమ్చి పెట్టుకుంటున్నారు. కంబూచా సంగతి సరే సరి. జపాన్ వాళ్ళ నాట్టో పొట్టకి మంచిదని ఒకాయన ఆన్‌లైన్‌లో తెప్పించి గ్రూపులో ఫోటో పెట్టాడు. అయ్యా, నాట్టో అంటే పులిసిన సోయాయే. బేకాంగ్‌కి అక్కో చెల్లెలో అవుతుంది. సూపర్‌మార్కెట్ స్టిక్కరు అంటించుకుని వస్తే ప్రోబయోటిక్, మూడో అంతస్తు అమ్మాయి వండుకుంటే న్యూసెన్సా?

ఇప్పుడు ఆ తిండే "డైట్" అయ్యేసరికి చార్టు కావాలట. వంట కావాలి గానీ వండేవాళ్ళు మన మెట్ల మీద కనపడకూడదు. వాళ్ళ కొండల ఫోటోలు స్లైడులో కావాలి గానీ వాళ్ళకి ఫ్లాట్ అద్దెకివ్వం.

నేను అడిగేదేమిటంటే

డైట్ చార్టు కావాలన్నవాళ్ళకి: నూనె సగం చెయ్యండి, రాత్రి భోజనం త్వరగా ముగించండి, ఆకుకూర ఉడికించుకుని తినండి, గోంగూరతో సహా. మీకు బేకాంగ్ అక్కర్లేదు. సంగటీ, జొన్నరొట్టే, రోటి పచ్చడీ మన దగ్గరే ఉన్నాయి. ఇది పీడీఎఫ్‌కి సరిపోదు, మూడు లైన్లే.

కానీ ఈ మూడు లైన్లు నడవాలంటే సాయంత్రం ఆరున్నర తర్వాత మీటింగులు పెట్టొద్దని అడగాలి. ఆఫీసు మెట్ల తాళం తియ్యమని అడగాలి. క్యాంటీన్‌లో నూనె లేని కూర ఒక్కటైనా పెట్టమని అడగాలి. ఫుట్‌పాత్ కోసం జీహెచ్‌ఎంసీని అడగాలి. మనలో మేనేజర్లయినవాళ్ళు ఆ మీటింగులు పెట్టడం మానాలి. అడగడం కష్టం, చార్టు ఫాలో అవ్వడం తేలిక. అందుకే చార్టులు అమ్ముడుపోతాయి.

ఇక ప్రెసిడెంటు గారికి నిన్న జవాబు రాశాను. టాక్ ఇస్తానన్నాను, ఒక షరతు మీద. మొదటి స్లైడుగా 2016 నాటి ఉత్తరం పెడతాను, రాసినవాడి పేరుతో సహా, అంటే నా పేరుతో సహా. చదివాక, అద్దెకిచ్చే విషయంలో తిండి, ప్రాంతం చూడకూడదని అసోసియేషన్ తీర్మానం చెయ్యాలి. ఆ తర్వాత బాయి ఎలా వండాలో వండి మరీ చూపిస్తాను.

బ్లూ టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.

తా.క.: ఇది పెట్టేముందు ఆ అమ్మాయికి పంపి, ఉత్తరం సంగతి రాయొచ్చా అని అడిగాను. తొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి ఆ విషయం ఎత్తాను, క్షమించమని కూడా అడిగాను. రాయమంది. క్షమించిందో లేదో చెప్పలేదు. కింద రెండు తప్పులు పట్టి పంపింది: బాయికి సా-ఉమ్ ఎంత వెయ్యాలో నేను తప్పు రాశానట, హ్మార్చా రాత్‌లో అల్లం మర్చిపోయానట. మొదటిది సరిదిద్దాను. అల్లం మీరే వేసుకోండి.